సున్నా కిలోల తాండ్ర

నేను పనిచేసేది చిన్న వ్యాపారాలను ప్రోత్సహించడానికి పెట్టిన ప్రభుత్వ కార్యాలయంలో. ఊరు విజయనగరం, హోదా సీనియర్ అసిస్టెంట్. ఈ ఇరవై రెండేళ్లలో ఎవరిని ప్రోత్సహించారమ్మా అని అడిగితే కాస్త ఆలోచించుకుని చెప్పాలి. ఎవరిని తనిఖీ చేశారు, ఎవరికి నోటీసులిచ్చారు అని అడిగితే మాత్రం లేచి బీరువా తెరిచి చూపిస్తాను. బీరువా నిండా అవే ఉన్నాయి.

మా మేనత్త మామిడి తాండ్ర చేస్తుంది. గజపతినగరం దాటాక మెయిన్ రోడ్డు వదిలి లోపలికి వెళ్లాలి వాళ్ల ఊరికి. వేసవిలో కాయ దిగడం మొదలైతే ఆ ఊరి ఆడవాళ్లకి తల దువ్వుకునే తీరిక ఉండదు. పండ్లు కడగాలి, రసం పిండాలి, గుడ్డలో వడగట్టాలి, బెల్లం కలపాలి, కర్రల పందిరి మీద పరిచిన చాపల మీద పల్చగా పోయాలి. రోజుకి ఒక్క పొర. అది ఎండాక మర్నాడు దాని మీద ఇంకో పొర. అలా నెల రోజులు పోస్తే వేలెడు మందం తాండ్ర తయారవుతుంది. ఇందులో యంత్రం లేదు, కరెంటు లేదు, ఉన్నదల్లా ఎండ. అందుకే రథసప్తమికి అందరూ కలిసి ఆటోల్లో, బస్సుల్లో పడి అరసవల్లి వెళ్లి సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టుకుని వస్తారు. జిల్లాలో ఉన్న శాఖలన్నీ కలిసి చేసినదాని కంటే ఆయన చేసిందే వాళ్లకి ఎక్కువ.

ఆయనకీ ఒక లోపముంది. మే నెలలో మధ్యాహ్నం మూడు దాటాక ఏ రోజైనా ముఖం చాటేస్తాడు. మబ్బు పట్టిన పది నిమిషాల్లో చాపలన్నిటి మీదా బరకాలు కప్పెయ్యాలి. తడిస్తే పైపొరతో పోదు. నీరు లోపలికి దిగి అడుగుదాకా పులుస్తుంది, మర్నాటికి బూజు పడుతుంది. నెలంతా పోసిన పొరలు ఒక్క వానకి పోతాయి.

అందుకని అత్తా, ఇంకో పదకొండు మంది ఆడవాళ్లూ కలిసి మా ఆఫీసుకి అర్జీ పెట్టుకున్నారు. అడిగింది ఒక్కటే: ఎండ లోపలికి వచ్చే తెల్ల రేకులు వేసిన పొడుగాటి షెడ్డు. అర్జీ నేనే రాశాను. అరకాగితంలో అయిపోయింది. చదువు రాని వాడికి చదివి వినిపించినా అర్థమవుతుంది.

మా ఆఫీసుకి అర్థం కాలేదు. షెడ్డు ఇవ్వాలంటే ప్రాజెక్టు రిపోర్టు కావాలన్నారు. రిపోర్టు మీరు రాయలేరు అని పైనుంచి తేల్చారు. డిగ్రీలు చేసి, పరీక్షలు రాసి, ఇంక్రిమెంట్లు తీసుకుంటున్న పదిహేను మందిమి, ఒక షెడ్డు ఎంత పొడుగుండాలో రాయడం మాకు చేతకాదన్నారు. మేమూ సంతోషంగా ఒప్పుకున్నాం. చేతకానివాళ్లమని ఒప్పుకుంటే పని తప్పుతుంది కదా. అలా కన్సల్టెంట్లు వచ్చారు. వాళ్ల బిల్లు నా టేబుల్ మీది నుంచే వెళ్లింది. అంకె చెప్పను. అలాంటి షెడ్లు రెండు కట్టి ఊరందరికీ భోజనాలు పెట్టొచ్చు అని మాత్రం చెప్తాను.

వాళ్లు వచ్చేరోజు ఆఫీసుకే తెలిసిపోతుంది. ఏడాది పొడుగునా తాళం వేసి ఉండే ఏసీ గది తెరుచుకుంటుంది. మాకు పెట్టే మెత్తబడిన బిస్కెట్ల స్థానంలో వేయించిన జీడిపప్పు వస్తుంది. వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకాయన టీమ్ లీడరు. చల్లటి గదిలో కూర్చున్నా నల్ల కళ్లద్దాలు నెత్తి మీదనే ఉంటాయి. రెండో మనిషి ఆయన కింద పనిచేసే అమ్మాయి. చేతిలో ట్యాబ్ ఉంది. ఆ అమ్మాయికి తెలుగు వచ్చు, ఆయనకీ వచ్చు గానీ మాట్లాడడు. దారి తెలుసు కదా అని నన్ను వాళ్లతో జీపు ఎక్కించారు.

దారిలో టీమ్ లీడరు నాకు పాఠం చెప్పాడు. ఈ ఆడవాళ్లని వ్యాల్యూ చైన్‌లో పైమెట్టుకి తీసుకెళ్లాలట. గజపతినగరం సెంటర్లో జీపు ఆపించి తాటిచెట్లకి ఫోటో తీసుకున్నాడు. ఇక్కడి నుంచి సముద్రం ఎంత దూరం అని అడిగాడు. ఎందుకు సార్ అంటే, వీళ్ల ముఖ్యమైన జీవనాధారం చేపలే కదా అన్నాడు. కాదు సార్ అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి ఏదో రాసుకున్నాడు.

అసలు సంగతికి ముందు మా ఊళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. సరుకు చాపల మీద ఉన్నంతకాలం ఎంతుందో ఎవరూ పైకి చెప్పరు. దిష్టి. లెక్క చెప్తే సూర్యుడికి కోపమని కొందరంటారు, వానకి చెవులుంటాయని కొందరంటారు. నా ఏడెనిమిదేళ్ల వయసులో అత్త పందిళ్ల మధ్య తిరుగుతూ చాపలు ఒకటి, రెండు అని పైకి లెక్కబెట్టాను. మాట పూర్తికాకుండానే వీపు మీద ఒక్కటి పడింది. ఎంత ఉందని ఎవరైనా అడిగితే ఏమీ లేదనాలి. అడిగినవాడు మనూరివాడైతే అర్థం చేసుకుని తలాడిస్తాడు. కోసి, ముక్కలు చేసి, బుట్టకెక్కించాకే లెక్క.

దీనికి తోడు అంతకు ముందు ఏడాది ఆహార తనిఖీ అధికారి ఒకాయన వచ్చి వెళ్లాడు. చాపలన్నీ వేలు పెట్టి లెక్కబెట్టి, లైసెన్సు నంబరేదీ, ముద్రేదీ, పందిరి నేలకి ఇంత ఎత్తులో ఎందుకు లేదు అని ఆ చాపల లెక్క మీదనే నోటీసు రాశాడు. శాంపిల్ కావాలని మంచి చోట చూసి పెద్ద ముక్క కోయించుకున్నాడు. జీపు మలుపు తిరగక ముందే శాంపిల్ తినేశాడని ఊరంతా చూసింది. అప్పట్నుంచి సర్కారు మనిషి సరుకెంత అని అడిగితే ఆ ఊరి నోళ్లు మరింత గట్టిగా మూసుకుంటున్నాయి.

మేం వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం. మంచి ఎండ. అత్త ఇంటి వెనక పందిళ్లన్నీ పచ్చటి తాండ్రతో మెరుస్తున్నాయి. బెల్లం, మామిడి కలిసిన వాసనకి తేనెటీగలు ముసురుతున్నాయి. ట్యాబ్ అమ్మాయి అత్త ఎదుట పీట మీద కూర్చుంది.

"అమ్మా, మీకు రోజుకి ఎన్ని కిలోల ప్రొడక్షన్ వస్తుంది?"

"ఏటీ రాదు తల్లీ."

"పోనీ, ఇప్పుడు ఎన్ని చాపల మీద ఎండబెట్టారు?"

"ఏటీ నేదమ్మా. ఏదో ఆ దేవుడి దయ."

ఆ అమ్మాయి అత్త భుజం మీది నుంచి పందిళ్లవైపు చూసింది. మళ్లీ ట్యాబ్ చూసింది. ఆ గడిలో అంకె తప్ప ఏదీ పట్టదట, ఖాళీ వదిలితే ముందుకి వెళ్లనివ్వదట. టీమ్ లీడరు వైపు తిరిగింది.

"సార్, జీరో వెయ్యమంటారా?"

"రెస్పాండెంట్ ఏం చెప్తే అదే ఎంటర్ చెయ్యి. మన ఒపీనియన్ కలపకూడదు. అదే మెథడాలజీ," అన్నాడాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చేతిలో అత్త పెట్టిన తాండ్ర ముక్క ఉంది. నోట్లో ఇంకోటి ఉంది.

ఆ అమ్మాయికి తృప్తి కలగలేదు. "మీరేమంటారు మేడమ్?" అని నన్నడిగింది.

ఇక్కడ నేను నోరు విప్పి ఉండాల్సింది. ఇది ఇక్కడి పద్ధతమ్మా, లెక్క చెప్పరు, నువ్వే చాపలు చూసి రాసుకో అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. మేనత్త కోసం మాట్లాడుతోందంటారేమో అని జంకాను అని నాకు నేను తర్వాత చెప్పుకున్నాను గానీ, అది అబద్ధం. నిజం ఏమిటంటే, వాళ్లు వెర్రివాళ్లవుతుంటే చూడటం నాకు బాగుంది. కళ్లెదుట తాండ్ర, నోట్లో తాండ్ర, ట్యాబ్‌లో సున్నా. ఆఫీసుకి వెళ్లి అందరికీ చెప్పి నవ్వుకోవచ్చు అనుకున్నాను.

"వాళ్లు చెప్పిందే రాయండి," అన్నాను.

పన్నెండు ఇళ్లు తిరిగాం. పన్నెండు చోట్లా ఏటీ లేదన్నారు. పన్నెండు సున్నాలు పడ్డాయి. టీమ్ లీడరు ప్రతి ఇంట్లోనూ తిన్నాడు.

జీపు ఎక్కబోతుంటే అత్త నన్ను పక్కకి లాగింది.

"ఏటే, షెడ్డు ఇత్తారా మరి?"

"ఇస్తారత్తా. కానీ నువ్వు ఏమీ లేదన్నావు కదా."

"నోటితో సెప్పీదేటి? సదువుకున్నోళ్లు కదా, కళ్లతో సూసేరు కదా. సూసింది రాసుకోరేటి?" అంది.

నేను నవ్వేసి జీపెక్కాను. ఆఫీసులో ఆ కథ చెప్తే మూడు రోజులు నవ్వారు.

వానలు దిగాక రిపోర్టు వచ్చింది. ఇటుక మందం, నున్నటి అట్ట, అట్ట మీద గజపతినగరం తాటిచెట్టు. లోపల నాలుగో అధ్యాయం నిండా చేపల వలలు, ఐస్ పెట్టెలు, జెట్టీ మరమ్మతులు. సముద్రం మొహం చూడని ఊరికి జెట్టీ! ఇంకోచోట తాండ్ర చేసే మహిళలు అని ఉండాల్సిన దగ్గర పట్టు నేసే మహిళలు అని ఉంది. ఏదో జిల్లాకి రాసింది తెచ్చి ఇక్కడ అతికారు, అతికేటప్పుడు చదవను కూడా లేదు. చివర్లో అసలు విషయం ఉంది. సదరు గ్రామంలో తాండ్ర ఉత్పత్తి ప్రస్తుతం శూన్యమని, షెడ్డు లాంటి వసతులు ఇవ్వబోయే ముందు గ్రామ మహిళలకు తాండ్ర తయారీలో ప్రాథమిక శిక్షణ అవసరమని.

సమీక్ష సమావేశంలో టీమ్ లీడరు తెర మీద బాణం గుర్తులు వేసి చూపించాడు. పెద్దలు తలలూపారు. మా ఆఫీసరు ఆ ఇటుకని అరచేత్తో నిమిరి, చాలా లోతుగా స్టడీ చేశారు అన్నాడు. ఆయన తెరిచింది అట్ట ఒక్కటే, నేను చూస్తూనే ఉన్నాను. జీడిపప్పు ప్లేటు మూడుసార్లు నిండింది. పలాస పప్పు కాబట్టి బాగుంది.

నేను వెనక వరసలో కూర్చున్నాను. నా ఒళ్లో ఫైలు ఉంది. అప్పటికి నాకు నవ్వు రావడం మానేసింది. షెడ్డు పోతోందని అర్థమైంది. లేచి నిలబడి, అయ్యా, ఆ సున్నా అబద్ధం, నేను పక్కనే ఉన్నాను అనాలి. అంటే, అప్పుడెందుకు చెప్పలేదమ్మా అంటారు. అందుకని కూర్చునే ఉన్నాను. మర్నాడు ఫైలు మీద పరిశీలించి ఆమోదించవచ్చు అని రాసి, కింద పొడి అక్షరాలు పెట్టాను. బిల్లు కదిలింది.

శిక్షణ ఇవ్వడానికి ఇంకో కన్సల్టెన్సీని పెట్టారు. ఇంకో అంటే పేరు ఇంకోటి, అడ్రసు పాతదే. మళ్లీ మే నెల వచ్చాక, చాపల నిండా తాండ్ర ఎండుతున్న సమయం చూసి, సరిగ్గా అప్పుడే మూడు రోజుల శిక్షణ పెట్టారు. ఊరి పంచాయతీ హాల్లో. మూడు రోజులూ హాజరు కానివాళ్లకి ముందుముందు షెడ్డుకి అర్హత ఉండదని ఆఫీసు నుంచి కాగితం వెళ్లింది. ఆ కాగితం టైపు చేసింది నేను. హాజరు పుస్తకం పట్టుకుని తలుపు దగ్గర కూర్చోవాల్సిందీ నేనే.

శిక్షకుడు తెల్లకోటు వేసుకుని, మిక్సీ పట్టుకుని వచ్చాడు. మొదటి రోజు పొద్దున్నే, మామిడిపండు వల్ల ఉపయోగాలేమిటో ఎవరైనా చెప్తారా అని అడిగాడు. నలభై ఏళ్లుగా తాండ్ర పోస్తున్న మా అత్త చేతికి ప్లాస్టిక్ తొడుగులు వేసి, రసం ఎలా పిండాలో చూపించాడు. ఆయన పిండితే టెంకకి సగం గుజ్జు ఉండిపోయింది. అత్త ఆ టెంకని తీసుకుని మిగతాది పిండి గిన్నెలో వేసింది. ఆయన పల్చటి పొర బదులు ఒకేసారి మందంగా పోయొచ్చని, టైం ఆదా అని చెప్పాడు. మందంగా పోస్తే లోపల ఎండదని అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ ఎదురు చెప్పలేదు. షెడ్డు కావాలి కదా.

రెండో రోజు అత్త ఒక్క ప్రశ్న అడిగింది.

"బాబూ, వానొత్తే ఏటి సెయ్యాల?"

"అది ఈ మాడ్యూల్‌లో లేదమ్మా. రిస్క్ మేనేజ్‌మెంట్ అని మూడో విడతలో వస్తుంది," అన్నాడు శిక్షకుడు.

అత్త నావైపు చూసింది. నేను హాజరు పుస్తకంలోకి చూశాను.

మూడో రోజు సర్టిఫికెట్లు. మధ్యాహ్నం రెండింటికే ఇవ్వాలి. మా ఆఫీసరు చేతుల మీదుగా ఇవ్వాలి, అందరూ ఒకే ఫోటోలో ఉండాలి, ఆ ఫోటో సాయంత్రం ఐదులోపు కంప్యూటర్లో ఎక్కాలి. ఎక్కకపోతే మా జిల్లా పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. ఆఫీసరు భోజనం చేసి బయల్దేరేసరికి రెండున్నర. మూడుంబావుకి పడమటి కిటికీలో మబ్బు కనిపించింది.

ఆడవాళ్లు అందరూ ఒక్కసారే చూశారు. ఇళ్ల దగ్గర ఒకరిద్దరు ముసలివాళ్లు తప్ప ఎవరూ లేరు, మగవాళ్లు తోటల్లో కాయ దింపుతున్నారు. అత్త లేచి కొంగు బిగించింది. ఆమె వెనక ఇంకో నలుగురు లేచారు. తలుపులో నేనున్నాను.

"అడ్డు లెగు. బరకాలు కప్పాల," అంది.

"అత్తా, ఐదు నిమిషాలు. జీపు ఊళ్లోకి వచ్చేసింది. ఫోటోలో లేకపోతే పేరు కొట్టేస్తారు. షెడ్డు రాదు," అన్నాను.

అదంతా నిజమే. ఎక్కడా అబద్ధం ఆడలేదు.

అత్త మబ్బుని చూసింది, నన్ను చూసింది. "నువ్వు సెప్తన్నావు గాబట్టి," అని వెళ్లి కూర్చుంది. ఆమె కూర్చుంటే మిగతావాళ్లూ కూర్చున్నారు.

జీపు వచ్చింది. ఆఫీసరు దిగాడు, ఫోన్ మాట్లాడుతూ ఇంకో ఐదు నిమిషాలు బయటే నిలబడ్డాడు. లోపలికి వచ్చి, మహిళలు తమ కాళ్ల మీద తాము నిలబడాలని మాట్లాడాడు. జీపు చప్పుడుకి లేచినవాళ్లు అప్పటికే నిలబడే ఉన్నారు, మళ్లీ కూర్చోవడానికి ఒక్కరికీ మనసొప్పడం లేదు. బ్యానరు ఒకవైపు జారితే మళ్లీ కట్టారు. శిక్షకుడు ఫోన్ ఎత్తి, అమ్మా కొంచెం దగ్గరికి రండి, కొంచెం నవ్వండి, ఇంకొక్కటి, ఇంకొక్కటి అన్నాడు. పై రేకుల మీద చినుకులు పడ్డాయి. ముందు నాలుగైదు. తర్వాత ఒకరి మాట ఒకరికి వినపడనంత.

పన్నెండు మందీ సర్టిఫికెట్లు అక్కడే పడేసి పరిగెత్తారు.

నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఆ వాన పావుగంట కూడా లేదు. మళ్లీ ఎండ కూడా వచ్చింది. పందిళ్ల కింద పచ్చటి నీళ్లు కారి మట్టిలో కాలువలు కడుతున్నాయి. అత్త ఒక చాప అంచు ఎత్తింది. పైన ఉన్నదంతా మెత్తగా జారి కిందపడింది. ఇరవై రెండు రోజులు పోసిన పొరలు. పక్కింటి పందిరి దగ్గర ఎవరో శోకాలు పెడుతున్నారు. అత్త ఏడవలేదు. ఆమె చీర తడిసి ఒంటికి అతుక్కుపోయింది, చేతులు మోచేతుల దాకా రసం.

ఆఫీసుని తిట్టుకున్నాను, టీమ్ లీడరుని తిట్టుకున్నాను, తెల్లకోటువాడిని తిట్టుకున్నాను. వాళ్లెవరూ ఆ తలుపులో నిలబడలేదు. నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది. చెప్పులు విప్పి, కుచ్చిళ్లు పైకి దోపి, వెళ్లి చాప రెండో అంచు పట్టుకున్నాను.

"ఒగ్గెయ్," అంది అత్త.

"అత్తా..."

"ఒగ్గెయ్ అన్నాను కదేటి. నీకిక్కడ పనేటున్నాది? ఎల్లు. నీ జీపు ఎల్లిపోతాది."

గొంతు పెంచలేదు. వీధిలో ఎవరో దారి అడిగితే చెప్పినట్టు చెప్పింది. చాప వదిలేశాను. చెప్పులు చేత్తో పట్టుకుని రోడ్డెక్కాను. జీపు నిజంగానే కదలబోతోంది. ఆఫీసరు ముందు సీట్లో కూర్చుని, ఫోటో ఎక్కించారా మేడమ్, టైం నాలుగు ఇరవై అయింది అన్నాడు.

శిక్షకుడు పంపిన ఫోటోలు నా ఫోన్లో ఉన్నాయి. ఒక్కదాంట్లోనే పన్నెండు ముఖాలూ సరిగ్గా పడ్డాయి. పదకొండు మంది కెమెరాని చూస్తున్నారు. అత్త కిటికీని చూస్తోంది. గజపతినగరం వచ్చాక సిగ్నల్ దొరికింది. ఆ ఫోటోనే ఎక్కించాను, ఐదు కాకముందే.